ఎఱ్ఱ రాగి ఖనిజము: క్యూప్రైటు కథ

ఉన్నత పాఠశాలలో రసాయనశాస్త్రము చదివిన వారందఱికిని ఫెలింగు ద్రావణ పరీక్ష జ్ఞాపకముండును. నీలిరంగు ద్రావణమునకు కొంచెము గ్లూకోజు చేర్చి వేడిచేసినచో నీలము క్రమముగా మాయమై, పరీక్షనాళిక అడుగున ఇటుకరంగు పొడి దిగును. "ఈ చక్కెరకు క్షయకరణ గుణము కలదు" అని ఉపాధ్యాయుడు చెప్పును. విద్యార్థి తన పుస్తకములో వ్రాసికొనును. నాళికను కడిగి మఱల స్టాండులో పెట్టుదురు. అట్లు కడిగివేసిన ఆ ఎఱ్ఱ పొడి పేరు క్యూప్రస్ ఆక్సైడు. రెండు రాగి పరమాణువులకు ఒక ఆమ్లజని, అనగా ఆక్సిజన్, పరమాణువు చొప్పున కూడి ఏర్పడిన పదార్థమిది.

ఇదే పదార్థము భూమిలో స్ఫటికముగా పెరిగినపుడు దానిని క్యూప్రైటు అందురు. చరిత్రలో నలుగురు ఈ ఎఱ్ఱ రాతిని నాలుగు విధములుగా చూచిరి. గనివాడు దానిలో రాగిని చూచెను. రసాయనికుడు తూకములకు సంబంధించిన ఒక నియమమును చూచెను. ఇంజనీరు విద్యుత్తునకు ఒకే దిక్కున తెఱచుకొను తలుపును చూచెను. భౌతిక శాస్త్రజ్ఞుడు పరమాణువును పోలిన ఒక వింత వస్తువును చూచెను. ఒకరు దీని పని ముగిసినదని విడిచిన చోట మఱియొకరు ఆరంభించిరి. ఆ కథను చెప్పుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

గుర్తుపట్టుట ఎట్లు?

క్యూప్రైటు రంగు ముదురు ఎఱుపు. కొన్ని స్ఫటికములు పైకి ఇంచుమించు నల్లగా కనబడును గాని, పలుచని అంచును వెలుతురునకు ఎదురుగా పట్టి చూచినచో లోపలినుండి కెంపువలె ఎఱ్ఱని కాంతి వచ్చును. అందుచేతనే దీనికి కెంపు రాగి అను వాడుక పేరు వచ్చినది. దీని వక్రీభవన గుణకము 2.85, వజ్రమునకు 2.42 మాత్రమే. అయినను ఇది నగలకు పనికిరాదు. దీని కాఠిన్యము 3.5 నుండి 4 వఱకు మాత్రమే ఉండును. కెంపు కాఠిన్యము 9. చాకుమొనతో గీచిన క్యూప్రైటుపై గీత పడును. ఎక్కువకాలము వెలుతురులో ఉంచినచో దాని తళుకు మాసి, పైభాగము నల్లబడును.

స్ఫటికములు ఘనవ్యవస్థకు చెందినవి. ఎనిమిది ముఖములు గలవి, ఆఱు ముఖములు గలవి, పండ్రెండు ముఖములు గలవి కూడ దొరకును. ఒక్కొక్కచోట ఇది సన్నని ఎఱ్ఱని వెండ్రుకలవలె అల్లుకొని పెరుగును. దానికి చాల్కోట్రైకైటు అని పేరు. గ్రీకు భాషలో రాగి వెండ్రుక అని దాని అర్థము. ఇంగ్లండు నైరృతి మూలనున్న కార్న్‌వాల్ ప్రాంతపు గనులలో ఇట్టి నమూనాలు దొరకినవి.

ఎఱ్ఱని ఖనిజములు మఱికొన్ని కలవు గనుక పొరపాటు పడుటకు అవకాశము కలదు. ఇనుప ఖనిజమగు హెమటైటు స్ఫటికము చాకునకు లొంగదు. దాని విశిష్ట గురుత్వము 5.3. క్యూప్రైటు విశిష్ట గురుత్వము 6.1. పాదరసపు ఖనిజమగు ఇంగిలీకము క్యూప్రైటు కంటె మెత్తనిది, బరువు మిక్కిలి ఎక్కువ. దాని విశిష్ట గురుత్వము 8.1. సందేహమున్నచో జ్వాలా పరీక్ష చేయవచ్చును. హైడ్రోక్లోరికామ్లములో తడిపిన క్యూప్రైటు పొడి మంటకు రాగికి సహజమగు ఆకుపచ్చ, నీలి రంగుల నిచ్చును.

గనులు లేని ఊళ్లలోను ఈ పదార్థమును చూడవచ్చును. తోమిన రాగి చెంబు కొన్నాళ్లకు గోధుమవన్నె తిరుగును. గాలిలోని ఆమ్లజని రాగితో కలిసి ఏర్పఱచిన పలుచని క్యూప్రస్ ఆక్సైడు పొర ఆ మార్పునకు ముఖ్యకారణము. చింతపండుతో తోమినపుడు పులుపులోని ఆమ్లములు ఈ పొరను కరగించును గనుక చెంబు మఱల మెఱయును. చిరకాలము మట్టిలో పడియున్న రాగి వస్తువులపై పైకి పచ్చని చిలుము కనబడును. ఆ పచ్చదనము క్రింద, లోహమును అంటి, తఱచుగా ఒక ఎఱ్ఱని పొర ఉండును. పాత తామ్రశాసనములను శుభ్రపఱచువారు జాగ్రత్తగా చూచుకొనవలసిన పొర అది. దానిని గీకివేసినచో అక్షరము కూడ చెడిపోవచ్చును.

భూమిలో ఎచ్చట పుట్టును?

రాగి ముడిఖనిజములలో నేడు ఎక్కువగా త్రవ్వుచున్నది చాల్కోపైరైటు. ఇది రాగి, ఇనుము, గంధకము కలిసిన పసుపుపచ్చని ఖనిజము. పల్నాటిలో అగ్నిగుండాల వద్దనున్న నల్లకొండ నిక్షేపములోని ముఖ్య రాగి ఖనిజమును ఇదియే. దీనిలో నూటికి 34.6 పాళ్లు మాత్రమే రాగి.

ఇట్టి నిక్షేపము నేలపైకి వచ్చిన చోట వాననీరు, గాలి దానిపై పనిచేయును. గంధకము ఆమ్లజనితో కూడి గంధకికామ్లమగును. ఇనుము తుప్పుగా మాఱి అచ్చటనే నిలిచిపోవును. ఆ తుప్పురంగు రాతిని గనివారు నిక్షేపము నెత్తిన పెట్టిన ఇనుప టోపీ అని పిలిచిరి. రాగి మాత్రము నీటిలో కరగి క్రిందికి దిగును. దారిలో సున్నపురాతి వంటి శిలలు తగిలినచో ఆమ్లపు పులుపు విరిగి, రాగి మఱల ఘనరూపము దాల్చును. కార్బన్ డయాక్సైడు సమృద్ధిగా ఉన్నచోట పచ్చని మాలకైటు, నీలి ఆజురైటు ఏర్పడును. ఆమ్లజని కొంత తక్కువగా ఉన్నచోట ఎఱ్ఱని క్యూప్రైటు ఏర్పడును. ఇంకను తక్కువైనచో స్వచ్ఛమైన రాగి లోహమే ఏర్పడును. అందుచేత క్యూప్రైటు, రాగి రేకలు, మాలకైటు ఒకే రాతిలో ప్రక్కప్రక్కన కనబడుట సామాన్యము.

దీనినిబట్టి ఒక ముఖ్యవిషయము తెలియుచున్నది. క్యూప్రైటు సాధారణముగా నిక్షేపపు పైభాగమునకు చెందినది. భూజలమట్టము దాటి లోతునకు పోయినకొలది అది తగ్గిపోయి, గంధకముతో కూడిన ఖనిజములు ఎదురగును. గనివానికి ఇది వరము. శాపము కూడ ఇదియే. వరమెట్లో ముందు చూతము.

కొలిమిలో

శుద్ధమైన క్యూప్రైటులో నూటికి 88.8 పాళ్లు రాగి. మాలకైటులో 57.5 పాళ్లు. ఒక కిలోగ్రాము శుద్ధ క్యూప్రైటునుండి లెక్క ప్రకారము 888 గ్రాముల రాగి రావలెను. పైగా దానిని లోహముగా మార్చుట సులభము. కొలిమిలో బొగ్గు మండునపుడు పుట్టు కార్బన్ మోనాక్సైడు వాయువు క్యూప్రైటులోని ఆమ్లజనిని లాగికొని, రాగిని విడిచిపెట్టును. గంధకముతో కూడిన ఖనిజము విషయములో అట్లు కాదు. దానిని ముందుగా కాల్చి గంధకమును పోగొట్టవలెను. తరువాత ఇనుమును వేరుచేయవలెను. పిమ్మటనే రాగి చేతికి వచ్చును.

మానవుడు రాగిని కరగించుట నేర్చినది పైపై దొరకు ఆక్సీకృత ఖనిజములతోనే. సెర్బియాలోని బెలోవోదె అను చోట క్రీ.పూ. 5000 ప్రాంతమున రాగి కరగించిన గుర్తులు బయటపడినవి. వానిని గూర్చిన పరిశోధన 2010లో ప్రకటింపబడినది. అచ్చటివారు వాడినది ముఖ్యముగా పచ్చని ఖనిజము. కాని పచ్చదైనను, ఎఱ్ఱదైనను, కొలిమిలో జరుగు మార్పు ఇంచుమించు ఒకటే. మాలకైటు వేడికి నీటిని, కార్బన్ డయాక్సైడును విడిచి మొదట నల్లని ఆక్సైడగును. అది ఆమ్లజనిని కోల్పోవుచు ఎఱ్ఱని ఆక్సైడు దశను దాటి లోహమగును. కనుక మొదటి లోహకారుడు క్యూప్రైటును త్రవ్వి తీయకపోయినను, తన కొలిమిలో తెలియకయే దానిని పుట్టించియుండును.

గాజు చేయువారు ఈ ఎఱుపును తెలిసియే వాడుకొనిరి. ప్రాచీన ఈజిప్టులోను, మెసొపొటేమియాలోను లక్కవంటి ఎఱ్ఱని రంగు గలిగి, వెలుతురు చొరని గాజును తయారుచేసిరి. అస్సీరియనుల నగరమగు నిమ్రూద్ శిథిలములలో ఇట్టి గాజు దొరకినది. దాని రంగునకు కారణము గాజులో పుట్టిన సూక్ష్మమైన క్యూప్రస్ ఆక్సైడు స్ఫటికములు. కొలిమిలో గాలి కొంచెము ఎక్కువైనచో గాజు ఎఱుపు గాక ఆకుపచ్చయో నీలమో అయిపోవును. సూత్రము తెలియకున్నను పొగను, గాలిని అదుపులో ఉంచి ఆ పనివారు సాధించిన నేర్పు సామాన్యమైనది కాదు.

త్రాసులో

పదునెనిమిదవ శతాబ్దము చివఱ రసాయనికుల మధ్య ఒక పెద్ద వివాదము నడచినది. రెండు మూలకములు కలియునపుడు ఏ పాళ్లలో పడిన ఆ పాళ్లలో కలియునా, లేక కొన్ని నిర్ణీతమైన పాళ్లలోనే కలియునా? ఫ్రాన్సు దేశీయుడగు బెర్తొలే మొదటి పక్షము వహించెను. ఆ దేశమువాడేయగు ప్రూస్టు స్పెయిన్‌లో పనిచేయుచు రెండవ పక్షమును నిలబెట్టెను. ప్రూస్టునకు సాక్ష్యమిచ్చిన పదార్థములలో రాగి సమ్మేళనములు ముఖ్యమైనవి.

ఆ సమయముననే, 1801లో, ఐర్లండు దేశీయుడగు రిచర్డ్ షెనెవిక్స్ అను రసాయనికుడు కార్న్‌వాల్ గనులనుండి వచ్చిన ఎనిమిది ముఖముల ఎఱ్ఱ రాగి ఖనిజమును విశ్లేషించి, లండనులోని రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించెను. దానిలో నూటికి సుమారు 88.5 పాళ్లు రాగి, మిగిలినది ఆమ్లజని అని అతడు తేల్చెను. నేటి లెక్కకు ఇది ఎంత దగ్గఱగా ఉన్నదో చదువరులే చూడవచ్చును.

ఇప్పుడు విద్యార్థులు ఒక చిన్న లెక్క చేయవలెను. రాగికి నల్లని ఆక్సైడు ఒకటి కలదు. దానిలో నూటికి ఇంచుమించు 80 పాళ్లు రాగి, 20 పాళ్లు ఆమ్లజని. అనగా ఒక తులము ఆమ్లజనికి నాలుగు తులముల రాగి. ఎఱ్ఱని ఆక్సైడులో ఒక తులము ఆమ్లజనికి రాగి ఎంత? 88.8ని 11.2చే భాగించినచో ఇంచుమించు ఎనిమిది తులములు. నాలుగు, ఎనిమిది, సరిగా రెట్టింపు. ఐదున్నర గాని, ఆఱుంబావు గాని కాలేదు. ఇట్లు ఎందుకు కావలెను? రాగియు, ఆమ్లజనియు విడదీయరాని రేణువులై యుండి, ఆ రేణువులు ఒకటికి ఒకటి, ఒకటికి రెండు చొప్పున కలియుచున్నవని అనుకొన్నచో ఈ ప్రశ్నకు సమాధానము తేలికగా దొరకును. డాల్టను 1808లో ప్రచురించిన గ్రంథములో వివరించిన పరమాణు సిద్ధాంతమునకు బలమిచ్చిన గుణిజానుపాత నియమము ఇదియే. గనివాడు బుట్టలో మోసిన ఎఱ్ఱ రాయి ఈ నియమమునకు చక్కని ఉదాహరణము.

ఈ ఖనిజమునకు క్యూప్రైటు అను పేరు 1845లో వచ్చినది. ఆస్ట్రియా దేశపు ఖనిజశాస్త్రజ్ఞుడు హైడింగరు, లాటిను భాషలో రాగికి గల క్యూప్రమ్ అను పేరునుబట్టి దానికి ఆ నామకరణము చేసెను.

ఒక గని ఎదుగుట, ఒక గని మూతపడుట

అదే 1845వ సంవత్సరమున, భూగోళమునకు ఆవలిప్రక్కన, ఈ ఖనిజము ఒక వలసరాజ్యపు అదృష్టమును మార్చివేసెను. దక్షిణ ఆస్ట్రేలియా 1836లో ఏర్పడిన వలస. కొద్ది సంవత్సరములకే అది అప్పులలో మునిగెను. అడిలెయిడ్ నగరమునకు ఉత్తరముగా సుమారు 160 కిలోమీటర్ల దూరమున బుర్రా వాగు ప్రాంతములో, గొఱ్ఱెల కాపరులకు నేలపైననే రాగి ఖనిజము కనబడెను. అది అనాదిగా ఙాడ్జురీ జాతివారి భూమి. దాని పంపకములో వారి మాట అడిగినవారు లేరు.

ప్రభుత్వపు నియమము ప్రకారము ఆ భూమిని కొనవలెనన్న 20,000 ఎకరములు ఒకేసారి, ఎకరమునకు ఒక పౌను చొప్పున, రొక్కమిచ్చి కొనవలెను. అంత సొమ్ము ఒక్క పక్షమువద్ద లేకపోయెను. ఒకవైపు పెద్దమనుష్యులు, మఱియొకవైపు దుకాణదారులు, చిన్న వర్తకులు. ఇద్దఱును చెరిసగము సొమ్ము వేసి భూమిని కొని, ఉత్తర దక్షిణ భాగములుగా విభజించి చీట్లు వేసికొనిరి. ఉత్తరభాగము వర్తకులకు వచ్చెను. దక్షిణభాగము పెద్దమనుష్యులకు వచ్చెను. రెండు భాగములలోను పైకి రాగి కనబడుచుండెను. కాని దక్షిణపు గనిలో ఖనిజము కొన్ని సంవత్సరములకే అడుగంటినది. ఉత్తరపు గని ప్రపంచ ప్రఖ్యాతిగాంచెను. 12,320 పౌన్ల మూలధనముతో ఆరంభించిన కంపెనీ తన వాటాదారులకు మొత్తముమీద 8 లక్షల పౌన్ల లాభము పంచిపెట్టినది.

అచ్చటి ఖనిజములు క్యూప్రైటు, మాలకైటు, ఆజురైటు. మొదట వానిని ఎడ్లబండ్లమీద రేవునకు చేర్చి, ఓడలలో వేల్సు దేశపు స్వాన్సీకి పంపి కరగించిరి. 1849 నుండి గనివద్దనే కొలుములు వెలసినవి. కార్న్‌వాల్ గనివారు, వేల్సు కొలిమివారు, చిలీ దేశపు కంచరగాడిదల కాపరులు అచ్చట చేరిరి. ఊరిలో ఇండ్లు చాలలేదు. వందలకొలది కుటుంబములు వాగు ఒడ్డుల మట్టిలో గుహలు తొలిచికొని కాపురము చేసినవి. 1851 నాటి జనాభా లెక్కలో ఇంచుమించు 1,800 మంది ఈ గుహలలో ఉన్నట్లు తేలినది. ఆ సంవత్సరమే వాగు పొంగి గుహలను ముంచివేసెను. విషజ్వరముచే చనిపోయిన పిల్లలు అనేకులు. వాటాదారుల లాభము లెక్కించునపుడు ఈ లెక్కను కూడ మఱువరాదు.

ఇప్పుడు శాపము సంగతి చూతము. పైభాగపు ఎఱ్ఱ, పచ్చ ఖనిజములు తఱిగినవి. లోతునకు పోయినకొలది ఆశించిన సంపన్నమైన ఖనిజము కనబడలేదు. నీటిని తోడు ఖర్చు పెరిగినది. రాగి ధర పడిపోయినది. 1877లో గని మూతపడెను. ముప్పదిరెండు సంవత్సరములలో వచ్చిన రాగి సుమారు 50,000 టన్నులు. పిమ్మట 1971 నుండి 1981 వఱకు మిగిలిన పలుచని ఖనిజమును ఓపెన్‌కాస్టు పద్ధతిలో త్రవ్విరి. ప్రకృతి లక్షల సంవత్సరములు వాననీటితో కూడబెట్టిన సంపన్నపు పొరను మానవుడు ఒక్క తరములో ఖర్చుచేసెను. పైపొర సంపదను చూచి అడుగున కూడ అంతే ఉండునని తలచుట పొరపాటని బుర్రా గని నేర్పినది.

గనుల చరిత్ర ఇంతటితో ముగిసినట్లే తోచును. రాగికై ప్రపంచము చాల్కోపైరైటువైపు తిరిగినది. కాని ఎఱ్ఱని ఆక్సైడు కథ అంతటితో ముగియలేదు. అది ప్రయోగశాలలో మఱల ఆరంభమైనది.

విద్యుత్తునకు ఒంటితలుపు

అమెరికాలో రైల్వే సిగ్నళ్ల పరికరములు చేయు ఒక కంపెనీలో గ్రాండాల్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు 1920 ప్రాంతమున రాగి బిళ్లలతో ప్రయోగములు చేయుచుండెను. రాగి బిళ్లను గాలిలో సుమారు 1,000 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు వేడిచేసినచో దానిపై ఎఱ్ఱని ఆక్సైడు పొర గట్టిగా ఏర్పడును. అట్టి బిళ్లలో విద్యుత్తు ఆక్సైడునుండి రాగివైపు సులభముగా ప్రవహించుచున్నదనియు, ఎదురుదిక్కున చాల కొద్దిగా మాత్రమే ప్రవహించుచున్నదనియు అతడు గమనించెను. అనగా అటునిటు ఊగు విద్యుత్తును ఒకే దిక్కున నడుపుటకు ఇది సాధనమైనది. ఇట్టి సాధనమును రెక్టిఫయరు అందురు.

గ్రాండాల్, అతని సహచరుడు గైగరు దీనిని 1927లో ఇంజనీర్ల ముందు వివరముగా ప్రకటించిరి. రేడియో గొట్టమువలె పగులునది కాదు, వేడిచేయ వలసిన తీగ లేదు, ద్రవము లేదు. బ్యాటరీలను ఛార్జి చేయుటకు, విద్యుత్తును కొలుచు మీటర్లకు, రైల్వే సిగ్నళ్లకు ఇది విరివిగా ఉపయోగపడినది.

కారణమేమి? క్యూప్రస్ ఆక్సైడు అర్ధవాహకము. దాని స్ఫటికములో అక్కడక్కడ రాగి పరమాణువులు లోపించి యుండును. ఆ లోపమువలన ఎలక్ట్రానులు ఉండవలసిన చోట ఖాళీలు ఏర్పడి, ధనవిద్యుత్తు గల కణములవలె సంచరించును. రాగి, ఆక్సైడు కలియు సరిహద్దున ఈ ఖాళీలు తొలగిపోయి ఒక అడ్డుగోడ ఏర్పడును. ఒక దిక్కున వోల్టేజి ఇచ్చినచో గోడ తగ్గును. ఎదురుదిక్కున ఇచ్చినచో పెరుగును. 1938లో జర్మను శాస్త్రజ్ఞుడు షాట్కీ ఈ విధమైన వివరణ నిచ్చెను. తరువాత సెలీనియము, జెర్మేనియము, సిలికాను వచ్చి రాగి ఆక్సైడు బిళ్లలను తొలగించినవి. అయినను, నేటి సిలికాను యుగమునకు దారితీసిన తొలి మెట్లలో ఈ ఎఱ్ఱ పొర ఒకటి.

ఎఱుపు రంగులో దాగిన రహస్యము

క్యూప్రైటు ఎఱ్ఱగా ఎందుకున్నది? ఈ ప్రశ్నను చివఱకు అడిగినవాడు భౌతిక శాస్త్రజ్ఞుడు. స్ఫటికములో బంధింపబడియున్న ఎలక్ట్రానును విడిపించుటకు సుమారు 2.17 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావలెను. నీలము, ఆకుపచ్చ కాంతులకు ఇంతకంటె ఎక్కువ శక్తి కలదు. అవి ఎలక్ట్రానులను లేపుటలో ఖర్చైపోవును. ఎఱ్ఱ కాంతికి అంత శక్తి లేదు గనుక అది స్ఫటికమును దాటి వచ్చును. కావుననే గనివానికి దారిచూపిన ఆ రంగు కనబడుచున్నది.

ఎలక్ట్రాను లేచిపోయిన చోట ఒక ఖాళీ మిగులును. ఎలక్ట్రానునకు ఋణవిద్యుత్తు, ఖాళీ ధనవిద్యుత్తు గల కణమువలె ప్రవర్తించును. ఈ రెండును ఒకదానినొకటి ఆకర్షించి జంటగా తిరుగవచ్చునని సోవియట్ శాస్త్రజ్ఞుడు ఫ్రెంకెల్ 1931లో ఊహించెను; ఆ జంటకు ఎక్సిటాను అని పేరు. ఎలక్ట్రానుకు, ఖాళీకి నడుమ దూరము ఎక్కువగా ఉండు జంటలను 1937లో వానియర్ వర్ణించెను. అట్టి జంట ఉదజని పరమాణువును పోలియుండవలెను. అచ్చట ప్రోటాను చుట్టు ఎలక్ట్రాను. ఇచ్చట ఖాళీతో కూడి ఎలక్ట్రాను. ఉదజని వర్ణపటములో గీతలు ఒక నిర్ణీత క్రమములో దగ్గఱపడుచు పోవును. ఎక్సిటాను నిజమైనచో స్ఫటికపు వర్ణపటములో కూడ అదే క్రమము కనబడవలెను.

1952లో లెనిన్‌గ్రాడ్‌లో గ్రాస్, కర్రీయెవ్ అను ఇద్దఱు శాస్త్రజ్ఞులు మిక్కిలి చల్లబఱచిన క్యూప్రస్ ఆక్సైడు స్ఫటికముగుండ కాంతిని పంపి చూచిరి. పసుపురంగు ప్రాంతములో సన్నని నల్లగీతల వరుస కనబడెను. వాని మధ్య దూరములు ఉదజని సూత్రమునకే లోబడియుండెను. ఇరువది యొక్క సంవత్సరములు కాగితముపై ఉన్న ఎక్సిటాను, ఈ ఎఱ్ఱని స్ఫటికములో మొదటిసారి స్పష్టముగా కంటికి చిక్కినది.

ఈ కథలో ఇంకొక మలుపు కలదు. ఆఫ్రికా నైరృతి భాగమున నేటి నమీబియాలో సుమెబ్ అను ఊరు కలదు. ఐరోపావారు రాకమునుపే ఓవాంబో జాతివారు అచ్చటి రాగి ఖనిజమును సంపాదించి కరగించుచుండిరి. ఇరువదవ శతాబ్దారంభమున జర్మను కంపెనీ గనిని ఆరంభించినది. 1996లో ఆ గని మూతపడినది. అచ్చటి శిలలలో భూజలము పగుళ్లవెంట చాల లోతునకు దిగినందున, సాధారణ నియమమునకు విరుద్ధముగా, వందల మీటర్ల అడుగున కూడ ఆక్సీకృత ఖనిజములు ఏర్పడినవి. త్రవ్విన ఖనిజములో అధికభాగము కొలిమి పాలైనది. కాని కొన్ని మంచి స్ఫటికములను తీసి భద్రపఱచినవారు కలరు.

2014లో జర్మనీలోని డోర్ట్‌మండ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఒక పరిశోధనను ప్రకటించిరి. పరమశూన్యమునకు కొద్దిగా పైన, సుమారు 1.2 కెల్విన్ల చలిలో, క్యూప్రైటు పలకలో వారు ఎక్సిటాను యొక్క ఇరువదియైదవ మెట్టు వఱకు గీతలను చూచిరి. ఆ మెట్టులో జంట వ్యాసము రెండు మైక్రోమీటర్లకు మించినది. స్ఫటికపు ప్రాథమిక గూళ్లు వేయికోట్లకు పైగా దానిలో ఇముడును. వారు వాడిన పలక ప్రయోగశాలలో పెంచినది కాదు. సుమెబ్ గనిలో దొరకిన సహజ స్ఫటికమునుండి కోసినది. అంతటి నిర్దోషమైన స్ఫటికమును పెంచుట ప్రయోగశాలలో మిక్కిలి కష్టము. భూమి తొందరలేక చేసిన పనికి సాటి వచ్చుట సులభము కాదు.

ఆ స్ఫటికము కొలిమిలో పడియున్నచో ఏమి దక్కియుండును? కొన్ని గ్రాముల రాగి. అది ఒక తీగముక్కకైనను చాలునో చాలదో! ప్రక్కకు తీసి దాచినందున అది ఒక కొత్త శాస్త్రభాగమునకు ఆధారమైనది. ఆ రాతిని దాచినవానికి ఎక్సిటాను మాట తెలిసియుండకపోవచ్చును. అందమైనదని దాచెను, అంతే.

తరగతి గదిలో

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ కథను గనులకు పోకయే విద్యార్థులకు చూపవచ్చును. శుభ్రముగా తోమిన రాగి రేకును పటకారుతో పట్టి మంటలో బాగుగా ఎఱ్ఱబడువఱకు కాల్చి చల్లార్చవలెను. పైకి నల్లని పొర కనబడును; అది రెండవ ఆక్సైడు. చల్లారునపుడు నల్లపొర పొట్టుగా రాలిన చోట క్రింద ఎఱ్ఱని పొర బయటపడును. అదే క్యూప్రైటు పదార్థము. పొట్టు ఎగిరి కంటిలో పడవచ్చును గనుక కళ్లద్దములు పెట్టుకొని, విద్యార్థులను కొంచెము దూరముగా నిలిపి, ఉపాధ్యాయుడే చేయుట మంచిది. ఒకే రేకుమీద గుణిజానుపాత నియమపు రెండు ఆక్సైడులును, గ్రాండాల్ రెక్టిఫయరు పొరయు కనబడును.

అట్లే పాఠశాల ప్రయోగశాలలో ఒక చెక్కపెట్టె ఏర్పఱచి, పిల్లలు తెచ్చు రాళ్లను, దొరకిన ఊరి పేరు, తేదీ చీటిపై వ్రాసి దాచవలెను. ఏ రాయి ఎవరికి ఎప్పుడు ఉపయోగపడునో ముందుగా చెప్పుట ఎవరి తరమును కాదు. ఫెలింగు పరీక్ష ముగిసిన తరువాత కూడ నాళికను వెంటనే కడిగివేయక, అడుగున దిగిన ఎఱ్ఱ పొడిని ఒక్క నిమిషము వెలుతురులో పిల్లలకు చూపి, బుర్రా వాగు ఒడ్డున కాపురమున్న గనివారిని, సుమెబ్ స్ఫటికమును గూర్చి నాలుగు మాటలు చెప్పినచో, ఆ దినపు పాఠము వారికి చిరకాలము జ్ఞాపకముండును.